టీ ఒలికిన కీబోర్డు

ఇంటిపన్ను లెక్కలు, జనన ధ్రువపత్రములు వ్రాయు కంప్యూటరు ప్రక్కనే టీ గ్లాసు ఉంచుట మన పంచాయతీ కార్యాలయములలో అలవాటు. గ్లాసు ఒలికినచో మొదట చేయవలసినది తుడుచుట కాదు. కీబోర్డు తీగను ఊడదీసి, దానిని బోర్లించుట. తడిలో విద్యుత్తు పారినచో లోపలి సన్నని గీతలు తినివేయబడును.

సామాన్యపు కీబోర్డులో మీటల క్రింద రెండు ప్లాస్టిక్ పొరలు, వాని నడుమ రంధ్రములుగల మరియొక పొర యుండును. మీట నొక్కగానే పై గీత క్రింది గీతను తాకును. నీరు ఆరిపోవును గాని, టీలోని చక్కెర, పాలు జిగురై అచటనే నిలుచును. బియ్యములో పూడ్చిన తడి లాగునని కొందరందురు. తవుడు లోనికి చేరుటయే దాని ఫలితము.

మీటల వరుసను ముందుగా సెల్‌ఫోనుతో ఫోటో తీసికొనవలెను. పిదప మీటలను మెల్లగా పైకి లేపి, సబ్బు కలిపిన గోరువెచ్చని నీట కడుగుడు. స్పేసు మీట క్రింది ఇనుప తీగను వంచరాదు. అడుగు ఫలకమును, బ్యాటరీలలో పోయు డిస్టిల్డు వాటరుతో తడిపి పిండిన గుడ్డతో తుడిచి, రెండు దినములు ఫ్యానుగాలికి ఆరనిండు. తీవ్రమైన ఎండ తగదు, ప్లాస్టిక్ వంగును.

ల్యాప్‌టాప్ విషయము వేరు. మీటల క్రిందనే యంత్రము యావత్తు కలదు. వెంటనే ఆపి, చార్జరు తీసి, బోర్లించి, మెకానిక్కుకు అప్పగింపుడు. పనిచేయునేమోయని నడుమ వేసి చూడరాదు.

ఆరిన కీబోర్డుపై అంకెల మీటలను ఒక్కొక్కటిగా పరీక్షింపవలెను. సున్న మీట అంటుకొని అదనముగా ఒకమారు పడినచో 250 రూపాయల పన్ను 2,500 అగును. అట్టిదానిని లెక్కలకు వాడనీయకుడు; క్రొత్త కీబోర్డు వెల స్వల్పమే.