పక్షవాతానికి చైనా కషాయం: పనిచేస్తుందో లేదో తేల్చేదెలా?

"ఫలానావారికి చెయ్యి, కాలు పడిపోయాయట", "మూతి వంకరపోయిందట" అని పెద్దలు చెప్పుకుంటూ ఉండగా మీరు వినే ఉంటారు. ఈ జబ్బునే మనం పక్షవాతం అంటాం. ఆ మాటను విడదీసి చూడండి. పక్షం అంటే ఒక వైపు. వాతం అంటే గాలి. శరీరంలో ఒక పక్కను వాతం పట్టుకోవడం వల్ల ఈ జబ్బు వస్తుందని మన పూర్వులు భావించారు.

హిమాలయాలకు ఆవల, చైనాలో ఇదే జబ్బును 'జోంగ్‌ఫెంగ్' అంటారు. గాలి దెబ్బ తగలడం అని దాని అర్థం. సుమారు క్రీ.శ. 200 ప్రాంతంలో జాంగ్ జోంగ్‌జింగ్ అనే వైద్యుడు ఈ పేరుతోనే దీన్ని వర్ణించాడు. రెండు దేశాలవారూ గాలినే తప్పుపట్టడం వింతగా లేదూ? ఆలోచిస్తే అంత వింత కాదు. నిక్షేపంలా తిరుగుతున్న మనిషి ఉన్నట్లుండి కూలిపోతాడు. పైకి గాయం లేదు, నెత్తురు లేదు. కంటికి కనపడకుండా వచ్చి పెద్ద చెట్టును కూల్చేది గాలే కదా!

ఈ జబ్బుకు చైనాలో వందల ఏళ్ళుగా మూలికల కషాయాలు ఇస్తున్నారు. ఇప్పటికీ ఇస్తున్నారు. అవి నిజంగా పనిచేస్తాయా? అడగడానికి ఇది తేలిక ప్రశ్నే. జవాబు చెప్పడం మాత్రం కష్టం. ఆ కష్టం ఎక్కడ ఉందో, దాన్ని ఎలా దాటుతారో చూద్దాం.

మెదడులో ఏం జరుగుతుంది?

మన మెదడు బరువు శరీరం బరువులో నూటికి 2 వంతులు మాత్రమే. కాని మనం పీల్చే ఆక్సిజన్‌లో దాదాపు 20 వంతులు అదే వాడుకుంటుంది. పైగా మెదడు దాచుకోలేదు. రక్తం నిరంతరం అందుతూ ఉండాలి. ఆ సరఫరా ఆగితే నాడీకణాలు చనిపోతాయి. పెద్ద ధమని మూసుకుపోయి, చికిత్స అందకపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని 2006లో అంచనా కట్టారు.

సరఫరా రెండు విధాలుగా చెడిపోవచ్చు. ధమనిలో రక్తపు గడ్డ అడ్డుపడటం ఒకటి. ఎక్కువమందిలో జరిగేది ఇదే. ధమని చిట్లి మెదడులోకి రక్తం కారడం రెండోది. పొలానికి నీరు తెచ్చే కాలువను తలచుకోండి. కాలువ పూడిపోయినా పైరు ఎండుతుంది, గట్టు తెగినా ఎండుతుంది. కాని బాగుచేసే పద్ధతులు వేరు. పూడిక తీయాలి, గండి పూడ్చాలి. ఒకదానికి చేయవలసింది మరొకదానికి చేస్తే కొంప మునుగుతుంది.

పైకి మాత్రం ఇద్దరు రోగులూ ఒకేలా కనిపించవచ్చు. ఏది గడ్డో, ఏది గండో బతికున్న మనిషిలో ఖాయంగా చూపగలిగినది సి.టి. స్కాన్. దానితో మొదటిసారి ఒక రోగి మెదడును చిత్రించింది 1971లో. అంతకు ముందు ఏ దేశపు వైద్యుడైనా సగం చీకట్లోనే వైద్యం చేశాడన్నమాట.

కళ్ళతో చూడాలన్న వైద్యుడు

అలా చీకట్లో తడుముకున్నవారిలో ఒకడు వాంగ్ ఛింగ్‌రెన్. ఆయన 1768లో ఉత్తర చైనాలో పుట్టాడు. పాత గ్రంథాల్లోని శరీర నిర్మాణ చిత్రాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదని గమనించాడు. శరీరం లోపల ఏముందో తెలియకుండా వైద్యం చేయడం గుడ్డివాడు రాత్రిపూట నడవడం వంటిదని ఆయన అభిప్రాయం. అయితే ఆ రోజుల్లో అక్కడ శవాన్ని కోయడం మహాపరాధం.

1797లో లువాన్‌జౌ ప్రాంతంలో పిల్లలకు ఒక అంటువ్యాధి సోకి చాలామంది చనిపోయారు. బీదవారు బిడ్డలను లోతు లేని గుంటల్లో పూడ్చారు. కుక్కలు ఆ శవాలను బయటకు లాగాయి. అటుగా వెళ్ళిన వాంగ్ మొదట ముక్కు మూసుకున్నాడు. తర్వాత మనసు రాయి చేసుకొని వరుసగా పది రోజులు అక్కడికి వెళ్ళి, 30కి పైగా శవాల్లోని అవయవాలను పరిశీలించాడు. ఇలా 42 ఏళ్ళు శ్రమించి 1830లో ఒక పుస్తకం వెలువరించాడు. 'వైద్యవనంలో దోషాల దిద్దుబాటు' అని దాని పేరుకు అర్థం. తెలివికీ, జ్ఞాపకశక్తికీ స్థానం గుండె కాదు, మెదడేనని అందులో వాదించాడు. మరుసటి ఏడే కన్నుమూశాడు.

ఆయన చూసినదంతా నిజమేనా? కాదు. మనిషి చనిపోయాక ధమనుల్లో రక్తం దాదాపుగా ఉండదు. ఖాళీ గొట్టాలను చూసి వాంగ్, ఇవి 'ఛీ' అనే ప్రాణశక్తిని మోసే దారులు అనుకున్నాడు. కన్ను చూసింది సరైనదే. కాని దాని నుంచి లాగిన అర్థం తప్పు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

కషాయం లెక్క

పక్షవాతానికి వాంగ్ చెప్పిన కారణం ఇది: శరీరంలో ఛీ పది పాళ్ళు ఉంటుంది, ఎడమకు అయిదు, కుడికి అయిదు. అందులో అయిదు పాళ్ళు పోతే మిగిలినది ఒక పక్కకు చేరుతుంది, రెండో పక్క పడిపోతుంది. పోయిన ఆ అయిదు పాళ్ళను తిరిగి తెచ్చేందుకు ఆయన చెప్పిన కషాయం పేరు 'బూయాంగ్ హువాన్‌వూ'.

దానిలో వేసేవి ఏడు. చిక్కుడు కుటుంబానికి చెందిన హువాంగ్‌ఛీ వేరు 4 లియాంగ్‌లు. ఒక లియాంగ్ అంటే మన లెక్కలో మూడు తులాలకు కాస్త ఎక్కువ. దానిలో పదో వంతు ఒక ఛియాన్. మిగిలినవన్నీ ఛియాన్లలోనే. కొత్తిమీర కుటుంబానికి చెందిన డాంగ్‌గుయ్ వేరు 2, ఎర్ర పియోనీ వేరు ఒకటిన్నర, కొత్తిమీర కుటుంబానిదే మరో మొక్క చువాన్‌షియోంగ్ దుంప 1, పీచ్ పండు గింజలోని పప్పు 1, ఎండిన వానపాము 1, కుసుమ పూలు 1.

ఇప్పుడు మీరే లెక్క వేయండి. హువాంగ్‌ఛీ 40 ఛియాన్లు, మిగిలిన ఆరూ కలిపితే ఏడున్నర. అంటే అది మిగతావాటికి అయిదు రెట్లకు మించి ఉంది. బలం పెంచుతుందని వారు నమ్మిన మూలిక అది. తక్కినవి రక్తాన్ని కదిలిస్తాయని నమ్మినవి. ఇందులో ఒకటి మనకు పరాయిది కాదు. కుసుమలు తెలంగాణలో నూనె కోసం పండించే పంటే.

గాజునాళికలో గెలిస్తే చాలదు

వానపామా అని ముఖం చిట్లించకండి. రక్తపు గడ్డకు అల్లికలా ఉండే ఫైబ్రిన్ దారాలను కరిగించే ఎంజైములు వానపాములో ఉన్నాయని 1980లలో జపాన్ శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. ఇంకేం, పాత వైద్యుడు చెప్పింది రుజువైందా? తొందరపడకండి. ఎంజైములు ప్రోటీన్లు. కోడిగుడ్డు సొనను ఉడికిస్తే ఏమవుతుంది? గట్టిపడుతుంది, మళ్ళీ పచ్చిసొన కాదు. కషాయం కాచేటప్పుడు ఎంజైములకూ అలాంటి గతే పడుతుంది. గాజునాళికలో జరిగింది కడుపులో జరగాలనీ లేదు, కడుపు దాటి మెదడుకు చేరాలనీ లేదు.

"సరే, వాడినవారు బాగుపడ్డారు కదా!" అని మీరు అడగవచ్చు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. పక్షవాతం వచ్చినవారిలో చాలామంది, ప్రత్యేకించి మొదటి మూడు నెలల్లో, కొంతవరకు తమంతట తామే కోలుకుంటారు. దెబ్బతినని భాగాలు చచ్చిన భాగాల పనిని కొంత అందుకుంటాయి. ఆ మూడు నెలలూ ఏ కషాయం తాగినా, చివరికి పేరు ఆ కషాయానికే వస్తుంది. వాంగ్ ఖాళీ ధమనిని చూసి పొరపడినట్లే, నడుస్తున్న రోగిని చూసి మనమూ పొరపడవచ్చు.

అందుకే ఒక్క గుంపును చూస్తే లాభం లేదు. రోగులను చీటీలు వేసి రెండు గుంపులు చేయాలి. ఒక గుంపుకు మందు, రెండో గుంపుకు చూడటానికి అలాగే ఉండే ఉత్తుత్తి మందు ఇవ్వాలి. ఎవరికి ఏది వెళ్ళిందో రోగికీ తెలియకూడదు, వైద్యుడికీ తెలియకూడదు. మామూలు ఆసుపత్రి చికిత్స ఇద్దరికీ అందాలి. మూడు నెలల తర్వాత లెక్క తీయాలి. రెండు గుంపుల మధ్య కాకతాళీయంగా వచ్చేదానికి మించిన తేడా ఉంటే, అది మందు చేసిన పని అనుకోవచ్చు.

పరీక్షలు ఏం చెప్పాయి?

చైనా మూలికలను నిజంగానే ఇలా పరీక్షించారు. వాంగ్ వాడిన ఆరు మొక్కలనూ, మరో మూడింటినీ, జలగ, తేలు వంటి జంతు సంబంధమైన అయిదు పదార్థాలనూ కలిపి చేసిన ఒక గుళిక ఉంది. దాని పేరు న్యూరోఎయిడ్. సింగపూర్, ఫిలిప్పీన్స్, థాయిలాండ్, శ్రీలంక మొదలైన చోట్ల, గడ్డ వల్ల పక్షవాతం వచ్చిన సుమారు 1100 మందిపై దాన్ని పరీక్షించి 2013లో ఫలితం ప్రకటించారు. మూడు నెలల తర్వాత రెండు గుంపుల మధ్య నమ్మదగిన తేడా కనపడలేదు.

ధమని చిట్లినవారికోసం చైనాలోనే 26 ఆసుపత్రుల్లో, 1648 మందిపై మరో మూలికా ద్రవాన్ని పరీక్షించారు. 2024లో వెలువడిన ఆ ఫలితమూ అంతే. మందు తాగినవారూ, ఉత్తుత్తి మందు తాగినవారూ ఒకేలా ఉన్నారు.

అలాగని కథ అక్కడితో ముగియలేదు. చైనాకు చెందిన గింకో అనే ప్రాచీన వృక్షపు ఆకుల్లోని కొన్ని పదార్థాలను విడదీసి, శుద్ధి చేసి, ఇంజెక్షన్‌గా తయారుచేశారు. గడ్డ వల్ల పక్షవాతం వచ్చిన 3448 మందిపై చైనాలో దాన్ని పరీక్షించగా, చెప్పుకోదగ్గ లోపం లేకుండా కోలుకున్నవారు మందు గుంపులో నూటికి సుమారు 50 మంది, రెండో గుంపులో సుమారు 44 మంది. ఈ ఫలితం 2023లో వచ్చింది. ఆశ కలిగించే తేడాయే. ఇతర దేశాల్లోనూ ఇలాంటి ఫలితమే వస్తే నమ్మకం మరింత గట్టిపడుతుంది.

చూశారా, ఒకే దేశపు మూలికలు. ఒకటి నిలబడలేదు, మరొకటి కొంత నిలబడింది. పాతది కాబట్టి మంచిదనీ అనలేం, పాతది కాబట్టి పనికిరాదనీ అనలేం. పరీక్షించి చూడాలి. మలేరియాను జయించే ఆర్టిమిసినిన్‌ను చైనా శాస్త్రవేత్త తు యూయూ బృందం 1972లో ఒక పాత మూలిక నుంచే వేరుచేసింది. అది పరీక్షలో నెగ్గింది, ఆమెకు 2015లో నోబెల్ బహుమతి తెచ్చింది.

గడియారం ఆగదు

ఈ చర్చ అంతా తీరిక ఉన్నప్పుడు. ఇంట్లో ఎవరికైనా మూతి ఒక పక్కకు జారినా, చెయ్యి లేపితే పడిపోతున్నా, మాట ముద్దగా వస్తున్నా ఏ కషాయం కోసమూ, ఏ పసరు కోసమూ ఆగకూడదు. గడ్డను కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. గండి పడినవారికి అది ఇస్తే ప్రాణాపాయం కనుక ముందు స్కాన్ తీయాలి. పెద్ద ధమనిలో గడ్డను సన్నని గొట్టంతో బయటకు లాగే పద్ధతి కూడా 2015 నుంచి బాగా వాడుకలోకి వచ్చింది. కొందరు రోగులకు 24 గంటల వరకూ అది ఉపయోగపడుతుంది. అయినా ఎంత త్వరగా చేరితే అంత మేలు. లక్షణాలు మొదలైన సమయం కాగితం మీద రాసుకొని, 108కు ఫోన్ చేసి, స్కాన్ ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. రోగి నోట్లో నీళ్ళు కూడా పోయకూడదు. మింగుడు పడక ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. కొద్ది నిమిషాల్లో లక్షణాలు తగ్గిపోయినా వెళ్ళవలసిందే. అది రాబోయే ప్రమాదానికి హెచ్చరిక. వాంగ్ కూడా ఇలాంటి ముందస్తు సూచనలను తన పుస్తకంలో శ్రద్ధగా రాసిపెట్టాడు. ఈ పరిశీలనలో ఆయన కన్ను పొరపడలేదు.

మీరే చేసి చూడండి

ఒక నాణేన్ని పదిసార్లు ఎగరవేయండి. బొమ్మ పడితే రోగి నడిచినట్లు, బొరుసు పడితే నడవనట్లు రాసుకోండి. ఇది మొదటి గుంపు. మళ్ళీ పదిసార్లు ఎగరవేయండి. ఇది రెండో గుంపు. రెండింటికీ ఏ మందూ ఇవ్వలేదు. అయినా ఒక గుంపులో ఆరుగురు, మరోదానిలో నలుగురు నడిచినట్లు రావచ్చు. ఇప్పుడు తరగతిలో అందరూ కలిసి ఒక్కో గుంపుకు 200 సార్లు ఎగరవేసి, నూటికి ఎంతమంది నడిచారో లెక్క కట్టండి. తేడా సాధారణంగా ఎంత తగ్గిపోతుందో చూడండి. పదిమందిని చూసి మందు సంగతి ఎందుకు తేల్చకూడదో, వందలూ వేలమందిని ఎందుకు పరీక్షిస్తారో అప్పుడు మీకే తెలుస్తుంది.