పాత వాద్యాన్ని పలికించడం: ఒక అభిరుచి నేర్పే సంస్కారం

జీవనోపాధితో నిమిత్తం లేకుండా, కేవలం ఇష్టంతో చేపట్టి, ఏళ్ల తరబడి విడవకుండా సాగించే పనిని అభిరుచి అంటారు. అభిరుచులన్నీ ఆనందాన్నిస్తాయి గాని, అన్నీ మనిషి స్వభావాన్ని దిద్దవు. చేతికి పని, చెవికి పరీక్ష, మనసుకు విచారణ ఒకేచోట దొరికే వ్యాసంగానికి ఆ శక్తి ఎక్కువ. పాడుబడిన గిటార్లను బాగుచేసి, వాటిపై సంగీతం సాధన చేసి, ఆ సాధనలో తన గుణదోషాలను గమనించుకునే ఔత్సాహికుడి జీవితం ఈ కోవలోకి వస్తుంది. అతడు వాద్యం విషయంలో అలవరచుకునే పద్ధతి, అంటే కారణం తెలిసేదాకా చెయ్యి వెయ్యకపోవడం, వేసినప్పుడు అవసరమైనంతే చెయ్యడం, చేసిన తరువాత ఓపికగా వినడం, తనను తాను దిద్దుకోవడానికి కూడా సరైన పద్ధతి అన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

చేతికందిన దానితో ఆరంభం

ఈ విచారణకు తమిళనాడులోని తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతం తగిన క్షేత్రం. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న జరిగిన సరిహద్దుల సవరణతో చిత్తూరు జిల్లా నుంచి అప్పటి మద్రాసు రాష్ట్రంలోకి వెళ్లి, 1997లో ఏర్పడిన తిరువళ్ళూరు జిల్లాలో భాగమైంది. తెలుగు, తమిళం పక్కపక్కనే వినిపించే ఈ ప్రాంతానికి సంగీత చరిత్రలో ప్రత్యేక స్థానం ఉంది. ముత్తుస్వామి దీక్షితుల తొలి కృతి, మాయామాళవగౌళ రాగంలోని ‘శ్రీనాథాది గురుగుహో జయతి’, తిరుత్తణి కొండపైనే వెలువడిందని సంప్రదాయం చెబుతుంది. దీక్షితుల కుటుంబం కొంతకాలం మద్రాసుకు ఉత్తరాన ఉన్న మణలిలో అక్కడి జమీందారుల ఆదరణలో నివసించింది. ఆ రోజుల్లోనే ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులు పాశ్చాత్యుల వద్ద వయొలిన్ నేర్చి, దానిని కర్ణాటక సంగీతంలోకి తెచ్చినవారిలో ప్రముఖుడయ్యాడు. ఐరోపా బాణీలకు ముత్తుస్వామి దీక్షితులు సంస్కృత సాహిత్యం కూర్చిన రచనలను నొట్టుస్వరాలు అంటారు. ఈ పరంపరను భద్రపరచిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని అదే కుటుంబానికి చెందిన సుబ్బరామ దీక్షితులు 1904లో తెలుగు లిపిలోనే ప్రచురించారు.

ఈ చరిత్రలో గిటార్ సాధకుడు గ్రహించవలసింది ఒకటుంది. వయొలిన్ నిర్మాణం దాదాపు యథాతథంగానే నిలిచింది. మారినవి దాని శ్రుతి, దానిని పట్టుకునే తీరు, వాయించేవాడి చెవి. పరాయి వాద్యాన్ని విరిచి కొత్తగా చేయకుండా, దానిలో ఉన్న సామర్థ్యాన్ని తన సంగీతానికి అనువుగా వెలికితీయడం ద్వారా సాధించిన ఫలితమిది.

1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో తెలుగు కుటుంబంలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ జీవితం ఇదే విషయాన్ని మరోవైపు నుంచి చూపుతుంది. మద్రాసు క్రైస్తవ కళాశాలలో ఆయన తత్వశాస్త్రాన్ని ఎంచుకోవడానికి, అదే కళాశాలలో చదువు ముగించిన బంధువు ఒకరు తన పాఠ్యపుస్తకాలు ఇవ్వడం ప్రధాన కారణమని, ఆర్థికంగా ఇబ్బందిపడుతున్న విద్యార్థికి ఆ పుస్తకాలే దారి నిర్ణయించాయని చరిత్రకారులు చెబుతారు. పెద్దల చేతి నుంచి వచ్చిన పాత గిటార్ కూడా అటువంటిదే. మంచి పరికరం కొనగలిగే రోజు కోసం ఎదురుచూడకుండా, ఉన్నదానిని అర్థం చేసుకోవడంతో పని మొదలుపెట్టడం ఈ అభిరుచి నేర్పే మొదటి సంస్కారం.

లక్షణం వేరు, కారణం వేరు

మరమ్మతుకు వచ్చే గిటార్లలో తరచుగా కనిపించే లోపం, తీగలు మెట్లకు మరీ ఎత్తుగా ఉండటం. మెట్లు అంటే మెడపై అడ్డంగా బిగించిన లోహపు పట్టీలు. వీటినే ఫ్రెట్లు అంటారు. తీగకూ మెట్టుకూ మధ్య ఉండే ఎత్తును వాద్యకారులు యాక్షన్ అంటారు. అది పెరిగితే తీగ నొక్కడానికి వేలు నొప్పెట్టడమే కాకుండా, స్వరం కూడా పక్కకు జరుగుతుంది. ఈ ఒక్క లక్షణానికి కారణాలు మాత్రం అనేకం. ఉక్కు తీగల గిటార్‌లో ఆరు తీగలూ కలిసి సుమారు 70 కిలోల బలంతో మెడను లాగుతాయి కాబట్టి అది ముందుకు వంగి ఉండవచ్చు, తీగలను పట్టి ఉంచే బ్రిడ్జి ఊడి లేస్తూ ఉండవచ్చు, పైపలక ఉబ్బి ఉండవచ్చు, లేదా మెడ డొల్లతో కలిసే కీలు సడలి ఉండవచ్చు. మెడ వంగితే లోపల అమర్చిన ట్రస్ రాడ్ అనే ఉక్కు కడ్డీని కొద్దిగా బిగిస్తే చాలు. కీలు సడలితే మెడను విప్పి మళ్లీ కూర్చాలి. మొదటిది కొన్ని నిమిషాల పని, రెండవది కొన్ని రోజుల పని.

దీనికి ఋతువుల ప్రభావం తోడవుతుంది. చెక్క తేమను పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. మే నెల ఎండల్లో ముడుచుకున్న పలక, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలు ఈ జిల్లాను తడిపే కాలంలో ఉబ్బి తీగల ఎత్తును పెంచుతుంది. వానాకాలంలో తొందరపడి బ్రిడ్జిపై ఎముక పట్టీని అరగదీసినవాడికి, ఎండాకాలం రాగానే తీగలు మెట్లకు తగిలి జరజరమనడం మొదలవుతుంది. అనుభవమున్నవాడు అందుకే కొలతలు రాసి పెట్టుకుని, తేమ తగ్గేదాకా ఆగుతాడు.

ఆత్మపరిశీలనలో జరిగే పొరపాటు కూడా చాలావరకు ఇదే. తిరువళ్ళూరు నుంచి రోజూ చెన్నైకి లోకల్ రైల్లో వెళ్లివచ్చే ఉద్యోగి, రాత్రి ఇంట్లో విసుక్కుంటున్న తనను చూసుకుని తాను కోపిష్టినని తీర్మానించుకోవచ్చు. ఆ విసుగుకు నిద్రలేమి, ఆకలి, పనిచోట మింగిన మాట, మరెప్పటిదో ఒక భయం, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. స్వభావం మీద ముద్ర వెయ్యడం సులభం. కారణం వెతకడానికి కొన్ని వారాల గమనింపు కావాలి. వాద్యం ముందు ఓర్పుగా కూర్చోవడం అలవాటైనవాడికి తన ముందు తాను ఓర్పుగా కూర్చోవడం అంత కష్టమనిపించదు.

వెనక్కి తీసుకోగల మార్పు

పాత వాద్యాలను బాగుచేసేవారు పాటించే ప్రధాన నియమం, వీలైనంతవరకు తిరిగి విప్పుకోగలిగిన పనే చెయ్యాలన్నది. జంతుచర్మం నుంచి తీసే సంప్రదాయ జిగురు వేడికీ తేమకూ మెత్తబడుతుంది కాబట్టి, తరువాతి తరంవారు చెక్క చీలకుండా ఆ అతుకును విప్పగలరు. ఎపాక్సీ వంటి రసాయన జిగురుతో ఆ అవకాశం చాలావరకు పోతుంది. దక్షిణాది వీణలో ఈ వివేకం నిర్మాణంలోనే ఉంది. దాని 24 మెట్లను తేనెమైనం, మసి కలిపిన ముద్దలో నిలుపుతారు. స్వరస్థానం చెదిరితే మైనాన్ని కరిగించి మెట్టును జరుపుతారు. మేళం కట్టడం అనే ఈ పనిలో, వాద్యం ఎప్పటికప్పుడు సర్దుబాటు కోరుతుందన్న అంగీకారం ఉంది.

నేటి క్లాసికల్ గిటార్‌కు రూపమిచ్చిన స్పెయిన్ దేశపు ఆంటోనియో డి టోర్రెస్, 1862లో పక్కలనూ వెనుకభాగాన్నీ కాగితపు గుజ్జుతో చేసి, పైపలకను మాత్రం మంచి చెక్కతో కూర్చి, నాదానికి ప్రాణం పైపలకేనని నిరూపించాడు. అందుచేత, మెరుపు కోసం పైపలకను గీకి మందపాటి వార్నిష్ పూసేవాడు వాద్యానికి అందం తెచ్చానని అనుకుంటూనే గొంతు నొక్కేస్తాడు. పాత గీతలు, వేళ్ల రాపిడికి వెలిసిన రంగు అలాగే ఉండవచ్చు. చిట్లిన పలక మాత్రం అతకాలి. ఏది మచ్చ, ఏది పగులు అన్న వివేచనే ఇక్కడ విద్య.

తనను మార్చుకోవాలనుకునే మనిషి తరచుగా ఈ వివేచన మరచి, ఒక్క రోజులో జీవితమంతా తిరగరాసే ప్రతిజ్ఞలు చేస్తాడు. తక్కువ మాట్లాడే గుణాన్ని లోపమనుకుని బలవంతంగా వాచాలుడవుతాడు; మాట తప్పే అలవాటును మాత్రం పట్టించుకోడు. మొదటిది మచ్చ, రెండవది పగులు. ఒక నెలపాటు ఒకే అలవాటును స్వల్పంగా సవరించి, ఫలితం చూసి, పనికిరాకపోతే నిస్సంకోచంగా వెనక్కి తీసుకోవడం ఎక్కువ కాలం నిలిచే పద్ధతి.

పరిపూర్ణతకు హద్దు

గిటార్ మెట్ల అమరికలో గొప్ప పాఠం ఒకటి దాగి ఉంది. స్థాయిని, అంటే ఒక షడ్జం నుంచి పై షడ్జం వరకు ఉండే దూరాన్ని, 12 సమాన భాగాలుగా విభజించే పద్ధతిని సమశ్రుతి విభాగం అంటారు. ఇందులో ప్రతి మెట్టు వద్ద కంపనాల సంఖ్య సుమారు 1.0595 రెట్లు పెరుగుతుంది. 650 మిల్లీమీటర్ల తీగ ఉన్న గిటార్‌లో మొదటి మెట్టు పైఅంచు నుంచి దాదాపు 36.5 మిల్లీమీటర్ల దూరంలోనూ, పన్నెండవది సరిగ్గా సగంలోనూ వస్తాయి. ఈ విభజనలో పంచమం తంబురా వినిపించే సహజ పంచమం కంటే రవ్వంత తక్కువగా, అంతర గాంధారం సహజ స్థానం కంటే స్పష్టంగా ఎక్కువగా పలుకుతాయి. ఏ శ్రుతిలోనైనా వాయించుకోగల సౌలభ్యం కోసం దోషాన్ని అన్ని స్వరాలకూ కొద్దికొద్దిగా పంచిపెట్టిన ఏర్పాటు ఇది. ఎంత నిపుణుడు బాగుచేసినా, ఈ గిటార్ అన్ని స్వరాలలోనూ సంపూర్ణ శుద్ధితో పలకదు.

అయితే ఆ హద్దు దగ్గరే సాధన మొదలవుతుంది. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ బాల్యంలో తండ్రి మాండలిన్‌ను చేతికెత్తుకుని, జంట తీగల స్థానంలో ఒంటి తీగలు, అయిదవ తీగ, విద్యుత్ సహాయం చేర్చి, మెట్ల వాద్యంపై గమకాన్ని, అంటే స్వరాన్ని ఊపుతూ పక్క స్వరాల మీదుగా నడిపించే పలుకును, నిండుగా పలికించాడు. మెట్టు ఇచ్చే స్వరం స్థిరమైనది. తీగను పక్కకు లాగి దానికి ప్రాణం పోసేది వేలు. లోపం లేని వ్యక్తిత్వం కోసం తపించి కుంగిపోయేవారు ఇక్కడ ధైర్యం పొందవచ్చు. పుట్టుకతో, పరిస్థితులతో వచ్చిన పరిమితులు కొన్ని తొలగవు. వాటిని తెలుసుకుని, వాటి మీదుగా పలకడం నేర్చుకోవాలి.

వినడం, రాసుకోవడం

మరమ్మతు పూర్తయ్యాక సంగీతం ఆ పనిని పరీక్షిస్తుంది. మాయామాళవగౌళలో సరళీ వరుసలను నెమ్మదిగా, తంబురా నాదంతో కలిపి వాయిస్తే వాద్యంలోని లోపమూ, వాయించేవాడి తొందరా రెండూ బయటపడతాయి. ఆ రోజు విన్నదానిని నాలుగు వాక్యాలలో రాసుకునే పుస్తకం ఒకటి సాధకుడి దగ్గర ఉండాలి. ఏ పని చేశాడు, ఏది వాయిదా వేశాడు, ఎక్కడ సహనం కోల్పోయాడు అన్నవి అందులో నిజాయితీగా రాసుకుంటే, కొన్ని నెలల తరువాత అదే అతడికి గురువవుతుంది. 1929లో ఇచ్చిన ఉపన్యాసాల నుంచి రూపొంది 1932లో వెలువడిన ‘యాన్ ఐడియలిస్ట్ వ్యూ ఆఫ్ లైఫ్’లో రాధాకృష్ణన్, సాక్షాత్తుగా కలిగే అనుభూతి బుద్ధికి విరోధి కాదనీ, బుద్ధి చేసిన కృషిని అది పూర్తిచేస్తుందనీ ప్రతిపాదించాడు. కొలతలన్నీ సరిపోయిన తరువాత కూడా చెవి ‘ఇంకా కాదు’ అనే క్షణంలో సాధకుడికి ఈ మాట అనుభవంలోకి వస్తుంది.

తిరుత్తణి ఆలయానికి సంవత్సరంలోని రోజులకు గుర్తుగా 365 మెట్లున్నాయి. ఏటా డిసెంబరు 31న భక్తులు తిరుప్పుగళ్ అనే భక్తిగీతాలు పాడుతూ వాటిని ఎక్కుతారు. రోజుకొక మెట్టు అన్న ఆ భావన ఈ అభిరుచికీ వర్తిస్తుంది. ఉద్యోగం, సంసారం ఉన్నవారికి రోజూ అరగంట దొరకడం సాధ్యమే. ఆ అరగంట తప్పకుండా జరిగితే ఏడాదిలో ఒక వాద్యం బాగుపడుతుంది, ఒక రాగం చేతికి వస్తుంది, ఒక దురలవాటు సడలుతుంది.

బాగుచేసిన గిటార్ తన చేతిలోనే కాక మరొకరి చేతిలో కూడా శ్రుతిగా పలికినప్పుడే ఆ పని పూర్తయినట్లు. నేర్చుకునే పిల్లవాడికి దానిని అప్పగించి, వాడు హాయిగా వాయించగలుగుతున్నాడో లేదో చూడటం మరమ్మతుకు చివరి పరీక్ష. సాధకుడి వ్యక్తిత్వానికీ అలాంటి పరీక్షే ఉంది: అతడు ఎంత మారాడో అతడి పుస్తకం కొంతవరకే చెప్పగలదు, మిగిలినది అతడితో కలిసి బతుకుతున్నవారు చెప్పాలి. వారిని అడగగలిగే వినయం, వారు చెప్పినది వినగలిగే చెవి అలవడితే, ఆ అభిరుచి తన పని తాను చేసినట్లే.