కళాశాల విద్యార్థికి ల్యాప్‌టాప్: ఎంపికలో పాటించవలసిన ఆరోగ్య సూత్రములు

ఇంటర్మీడియట్ ముగిసి, ఈఏపీసెట్ కౌన్సెలింగులో సీటు ఖాయమైన పిమ్మట మధ్యతరగతి గృహములలో జరుగు మొదటి పెద్ద కొనుగోలు ల్యాప్‌టాప్. ఒకప్పుడు హాస్టలుకు వెళ్ళు పిల్లలకు ట్రంకుపెట్టె, పరుపుచుట్ట, ఆవకాయ జాడీ సమకూర్చి పంపిన కుటుంబములు నేడు అరలక్ష రూపాయల వరకు ఈ ఒక్క యంత్రమునకే వెచ్చించవలసి వచ్చుచున్నది. నా వద్దకు వైద్య సలహా కొరకు వచ్చువారు సైతము లేచి వెళ్ళునప్పుడు, "మా అమ్మాయికి ఏ ల్యాప్‌టాప్ కొనమంటారు?" అని అడుగుచున్నారు. వైద్యునికి యంత్రములతో పని యేమని కొందరికి తోచవచ్చును. కాని తగని యంత్రము వలన కలుగు మెడనొప్పి, కంటిమంట, నిద్రలేమి చివరకు చేరునది వైద్యుని వద్దకే. కనుక ఆ మాట కొనిన తరువాత కంటె కొనుటకు ముందే చెప్పుట మేలని ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

చరక సంహిత సూత్రస్థానము పదకొండవ అధ్యాయములో రోగములకు మూడు మూలకారణములు చెప్పబడినవి. ఇంద్రియములు తమ విషయములతో తగని రీతిని కూడుట, ప్రజ్ఞాపరాధము, కాలపరిణామము అనునవి ఆ మూడు. కంటి విషయమున, మిక్కిలి ప్రకాశించు వస్తువులను అతిగా చూచుట అతియోగమనియు, బొత్తిగా చూడకుండుట అయోగమనియు, మరీ దగ్గరగా గాని మరీ దూరముగా గాని ఉన్నవాటిని, భయంకరమైన వికృత రూపములను చూచుట మిథ్యాయోగమనియు ఆ గ్రంథము వివరించుచున్నది. వెలుగుచున్న తెరను అడుగు దూరములో నుంచుకొని గంటల తరబడి చూచు విద్యార్థికి అతియోగము, మిథ్యాయోగము రెండును ఒక్కసారే సంభవించుచున్నవి. చదువు నిమిత్తము తెరను చూడక తప్పదు గనుక, ఆ రెండింటిని తగ్గించు యంత్రమును ఎన్నుకొనుటయే మన కర్తవ్యము.

చదువునకు తగిన యంత్రము

రోగిని చూడక మందు వ్రాయరాదు. అటులనే విద్యార్థి చేరిన కోర్సును తెలిసికొనక యంత్రమును నిర్ణయించరాదు. బి.ఏ., బి.కాం., ఎం.బి.బి.ఎస్. విద్యార్థులకు చదువుట, వ్రాయుట, పాఠముల వీడియోలు చూచుట ప్రధానము. వీరికి 8 జి.బి. ర్యామ్, 512 జి.బి. ఎస్.ఎస్.డి. గల తేలికైన యంత్రము చాలును. కంప్యూటర్ సైన్సు విద్యార్థులకు 16 జి.బి. ర్యామ్, ఇంటెల్ కోర్ ఐ5 లేక ఎ.ఎం.డి. రైజెన్ 5 తరగతి ప్రాసెసరు ఉండుట మంచిది. మెకానికల్, ఆర్కిటెక్చర్ శాఖలలో వాడు సాలిడ్‌వర్క్స్, రెవిట్ వంటి సాఫ్ట్‌వేర్లు విండోస్ పైననే నడుచును. ఆ శాఖల వారు మ్యాక్‌బుక్ కొనినచో ఇబ్బంది పడుదురు. పెద్ద నమూనాలు గీయవలసి వచ్చువారికి ప్రత్యేక గ్రాఫిక్స్ కార్డు కూడ అవసరము కావచ్చును.

కోర్సునకు ఏమి కావలెనో తెలియనప్పుడు తొందరపడరాదు. తరగతులు మొదలైన నెల దినములకు, అదే శాఖలోని సీనియర్ విద్యార్థులను అడిగి కొనినను నష్టము లేదు. ర్యామ్‌ను తరువాత పెంచుకొను వీలున్నదో లేదో దుకాణదారుని తప్పక అడుగవలెను. కొన్ని తేలికైన యంత్రములలో ర్యామ్ బోర్డునకే అతికింపబడి యుండును. అట్టి వాటిలో నాలుగేండ్లకు సరిపోవునంత మొదటనే తీసికొనవలెను.

బంధువులు వాడి ఇచ్చిన పాత యంత్రమును కాదనవలసిన పని లేదు. అయితే విండోస్ 10కు ఇచ్చుచున్న సాధారణ భద్రతా సహాయమును మైక్రోసాఫ్ట్ సంస్థ 2025 అక్టోబరు 14తో ముగించినది. ఇంటెల్ ప్రాసెసరు గల యంత్రములలో విండోస్ 11కు అర్హమైనవి సాధారణముగా ఎనిమిదవ తరము, ఆ తరువాతివి మాత్రమే. పాతది తీసికొనునప్పుడు ఈ సంగతి విచారించవలెను.

బరువు

మన ఇండ్లలో ఎక్కువగా ఉపేక్షింపబడు విషయము ఇది. భారత ప్రభుత్వ విద్యాశాఖ 2020లో ప్రకటించిన పాఠశాల సంచుల విధానములో, పదవ తరగతి వరకు పిల్లల సంచి వారి శరీర బరువులో పదవ వంతునకు మించరాదని సూచింపబడినది. కళాశాల విద్యార్థులకును అదే లెక్కను పాటించుట మేలు. 45 కిలోల బరువున్న అమ్మాయి మోయదగిన సంచి నాలుగున్నర కిలోలు. ఆటల కొరకు తయారగు 15.6 అంగుళముల ల్యాప్‌టాప్ రెండుంబావు, రెండున్నర కిలోలు తూగును. దాని ఛార్జరు మరొక అరకిలో. లీటరు నీళ్ళ సీసా, టిఫిన్ క్యారియరు, రెండు పుస్తకములు చేరగానే హద్దు దాటుచున్నది. 14 అంగుళముల సాధారణ యంత్రములు అనేకము కిలోన్నర ప్రాంతములో లభించుచున్నవి.

గత సంవత్సరము నా వద్దకు మెడ, కుడిభుజము నొప్పితో ఒక ఇంజనీరింగు విద్యార్థిని వచ్చినది. ఎక్స్‌రేలో లోపమేమియు కనబడలేదు. విచారించగా, వరుసకు అన్న అయిన యువకుడు తనకు నచ్చిన ఆటల ల్యాప్‌టాప్‌నే ఆమెకును కొనిపించినాడనియు, దానిని ఒక భుజమునకు తగిలించుకొని ఆమె రోజును బస్సులో కళాశాలకు వెళ్ళి వచ్చుచున్నదనియు తెలిసినది. "అంత సొమ్ము పోసి కొన్నాము, ఇప్పుడు పక్కన పెట్టమంటారా?" అని తండ్రి దిగులు పడినాడు. ఆ కుటుంబమునకు రెండవ యంత్రము కొను స్తోమత లేదు. ప్రయోగశాల లేని దినములలో దానిని ఇంటనే ఉంచుమనియు, తీసికొని వెళ్ళు దినమున రెండు భుజములకు సంచి తగిలించుకొనుమనియు, ఇంట్లో విడి కీబోర్డుతో పని చేయుమనియు చెప్పి, తైలమర్దనము, కాపడము సూచించితిని. నెలన్నరలో నొప్పి చాలవరకు తగ్గినది. ఆమె చదువునకు ఆ గ్రాఫిక్స్ కార్డుతో పనియే లేదు. ఖర్చును, బాధయు రెండును అనవసరముగా వచ్చినవే.

రోజును ప్రయాణము చేయువారు బరువునకు ప్రథమ స్థానము ఇవ్వవలెను. హాస్టలు గదిలో బల్లపైననే ఉంచి వాడువారు 15.6 అంగుళముల తెరను తీసికొనవచ్చును.

తెర, కీబోర్డు

తెరపై చిత్రము 1920 × 1080 బిందువులకు తగ్గరాదు. అద్దమువలె మెరయు తెర కంటె మెరుపు లేని తెర మేలు. గదిలోని దీపము, కిటికీ దానిలో ప్రతిబింబించి కంటికి శ్రమ కలిగించవు. ఐ.పి.ఎస్. రకపు తెర, 300 నిట్ల వెలుగు ఉన్నచో పగటి వెలుతురులో కూడ అక్షరములు స్పష్టముగా కనబడును. దుకాణములో రంగుల వీడియో చూచి మురియక, చిన్న అక్షరములున్న పుటను తెరిపించి, చేయిచాపు దూరములో కూర్చుండి చదివి చూడవలెను.

యంత్రము కొనుటకు ముందే విద్యార్థికి కంటి పరీక్ష చేయించుట అవసరము. దృష్టిలోపము ఉండి కళ్ళద్దములు లేనివారు తమకు తెలియకనే తెరవైపు వంగుదురు. అట్టివారికి ఎంత మంచి తెర కొనియిచ్చినను మెడనొప్పి తప్పదు.

కీబోర్డుపై పది పంక్తులు స్వయముగా టైపు చేసి చూడవలెను. మణికట్టునకు అంచు గ్రుచ్చుకొనరాదు. 15.6 అంగుళముల యంత్రములలో కుడివైపు అంకెల మీటలు చేర్చిన యెడల అక్షరముల భాగము ఎడమకు జరుగును. దాని వలన కూర్చున్నవారి దేహము కొంచెము ప్రక్కకు తిరుగును. లెక్కలు అధికముగా వ్రాయు కామర్సు వారికి ఆ మీటలు ఉపయోగము. ఇతరులకు అవి లేని యంత్రమే సుఖము.

వేడి

ల్యాప్ అనగా ఒడి. పేరులో ఒడి ఉన్నను దాని స్థానము బల్ల. ఒడిలో నుంచుకొని దీర్ఘకాలము వాడుట వలన తొడల చర్మముపై వలవలె గోధుమరంగు మచ్చలు ఏర్పడుట 2004 నుండి వైద్య పత్రికలలో నమోదగుచున్నది. 2005లో 29 మంది యువకులపై జరిగిన ఒక పరిశీలనలో, గంటసేపు ఒడిలో ల్యాప్‌టాప్ ఉంచుకొనినప్పుడు వృషణముల వద్ద ఉష్ణోగ్రత రెండున్నర డిగ్రీలకు పైగా పెరిగినట్లు తేలినది. పరుపు, దిండు మీద పెట్టిన యెడల గాలి ఆడు రంధ్రములు మూసుకొని యంత్రమును చెడును. లోహపు తొడుగు గల వాటిలో ఛార్జింగు వేళ చేతికి జివ్వుమని తగులుచున్నచో ఎర్త్ సరిగా లేదని అనుమానించి, మూడు పిన్నుల ప్లగ్గును ఎర్త్ ఉన్న సాకెట్టులోనే పెట్టవలెను. ఛార్జరుపై బి.ఐ.ఎస్. గుర్తును చూచి తీసికొనవలెను.

ప్రక్కకు తీసి ఉంచవలసిన రెండు వేలు

ల్యాప్‌టాప్ నిర్మాణములోనే ఒక దోషమున్నది. తెర, మీటలు ఒకదానికొకటి అతుకబడి యుండుట చేత, చేతులకు అనుకూలముగా ఉంచినచో మెడ వంగును, కంటికి సరిగా ఎత్తినచో చేతులు లేచును. పెద్దవారి తల నాలుగున్నర నుండి ఐదున్నర కిలోలుండును. మెడ ముందుకు వంగిన కొలది వెన్నుపై పడు భారము పెరుగును. తల 60 డిగ్రీలు వంగినప్పుడు అది 27 కిలోల వరకు చేరునని 2014లో ఒక వైద్యుడు లెక్కగట్టినాడు. ఎంత ఖరీదైన యంత్రమునకైనను ఈ దోషము తప్పదు.

కనుక నిర్ణయించిన సొమ్ములో సుమారు రెండు వేల రూపాయలు ముందే ప్రక్కకు తీసి, ఒక స్టాండు, విడి కీబోర్డు, మౌస్ కొనవలెను. తెర పైఅంచు కంటి ఎత్తులో, మోచేతులు లంబకోణములో, పాదములు నేలపై ఆనునట్లు అమర్చుకొనవలెను. స్టాండు కొనలేనివారు లావాటి పుస్తకములను పేర్చి, గాలి రంధ్రములు మూయబడకుండ వాటిపై ఉంచినను ఫలితము అదియే.

ఈ సొమ్ము ఎక్కడనుండి తెచ్చుటయని సందేహించువారికి రెండు పొదుపులు చెప్పెదను. నీలికాంతిని ఆపునని అమ్ము కళ్ళద్దముల వలన కంటి శ్రమ తగ్గుటకు తగిన ఆధారము లేదని 2023లో వెలువడిన కాక్రేన్ సమీక్ష తేల్చినది. రేడియేషన్‌ను పీల్చునని అంటించు స్టిక్కర్లును నిరుపయోగములే. ఈ రెండును మానినచో కీబోర్డు ఖరీదు మిగులును.

గృహములో పాటించవలసిన చర్య

1. ప్రతి 20 నిమిషములకు ఒకసారి, 20 అడుగుల దూరమున ఉన్న వస్తువును 20 సెకన్లు చూడవలెను. సాధారణముగా నిమిషమునకు 15 సార్లు కొట్టుకొను కనురెప్పలు తెర ఎదుట 5 నుండి 7 సార్లే కొట్టుకొనును. కంటి ఎండుదలకు, మంటకు ఇదియే ముఖ్య కారణము. కావున జ్ఞాపకము చేసికొని రెప్పలార్చవలెను.

2. సాయంకాలము చల్లని నీటిలో తడిపిన శుభ్రమైన వస్త్రమును మూసిన కన్నులపై ఐదు నిమిషములు ఉంచవలెను. తేనె, ఆముదము, ఉల్లిరసము వంటివి ఇంట్లో ఎట్టి పరిస్థితిలోను కంటిలో వేయరాదు.

3. మెడ, భుజములు పట్టివేసినప్పుడు గోరువెచ్చని నువ్వులనూనెతో మృదువుగా మర్దించి, వేయించిన ఉప్పు మూటతో చర్మము ఓర్చుకొనునంత వేడిమిలో పది నిమిషములు కాపడము పెట్టవలెను.

4. నిద్రకు గంట ముందు యంత్రమును మూసివేసి, అరికాళ్ళకు నువ్వులనూనె రాయవలెను. అష్టాంగహృదయములో వాగ్భటుడు తల, చెవులు, పాదములకు విశేషముగా అభ్యంగము చేయవలెనని చెప్పి, అభ్యంగము దృష్టికిని నిద్రకును హితమని పేర్కొన్నాడు.

వ్రేళ్ళు తిమ్మిరెక్కుట, చేతిపట్టు సడలుట, వస్తువులు రెండుగా కనబడుట, వాంతులతో కూడిన తలనొప్పి వచ్చుట, లేక మెడనొప్పి రెండు వారములు దాటినను తగ్గకుండుట జరిగినచో గృహచికిత్సతో కాలయాపన చేయక వైద్యుని చూడవలెను.

చివరగా, యంత్రమును ఆన్‌లైన్‌లో కొనదలచినవారు కూడ ముందుగా విద్యార్థిని వెంటబెట్టుకొని ఒక దుకాణమునకు వెళ్ళవలెను. ఎత్తి చూచి, చదివి చూచి, టైపు చేసి చూచిన పిమ్మటనే సొమ్ము చెల్లించవలెను. నాలుగేండ్లు దానిని మోయు భుజములు, దానిని చూచు కన్నులు ఆ విద్యార్థివి గనుక, తుది మాట చెప్పు అవకాశమును పెద్దలు ఆమెకే, అతనికే ఇవ్వవలెను.