కంపవాత రోగికి నిద్రాభంగము

నలువది యేండ్ల కాపురములో భార్యపై చేయి యెత్తని పెద్దమనిషి ఒక రాత్రి నిద్రలో కేకలు వేయుచు ఆమెను కొట్టును. తెల్లవారిన పిమ్మట సంగతి విని సిగ్గుతో తల వంచుకొనును. గాలి సోకినదని కొందరు తాయెత్తు కట్టింతురు. మనసులో దాచుకొన్న కోపమని మరికొందరు తలంతురు. రెండును పొరపాటే. ఇది మెదడునకు సంబంధించిన రుగ్మత. దీనికి చికిత్స కలదు.

పార్కిన్సన్ వ్యాధి యనబడు కంపవాతమున మెదడులోని కొన్ని నాడీకణములు క్రమముగా నశించును. చేతుల వణుకు, అవయవముల బిగువు, నడక మందగించుట దీని ముఖ్య లక్షణములు. 1817లో లండను వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఈ వ్యాధిని వర్ణించుచు, రోగికి నిద్ర చెడుటను గూడ పేర్కొనెను.

కారణములు

కలలు వచ్చు నిద్రలో మెదడు అడుగుభాగము కండరములను సడలించి యుంచును. కావుననే కలలో పరుగెత్తినను కాళ్లు కదలవు. ఆ యేర్పాటు చెడినచో రోగి కలలోని పోరాటమును మంచముపైననే సాగించును. వణుకు కనబడుటకు అనేక సంవత్సరములు ముందే ఇది కలుగవచ్చును. ఇది కలిగిన వారందరికిని కంపవాతము వచ్చి తీరునని కాదు; అయినను వైద్య పరీక్ష అవసరము.

రాత్రివేళ మందు బలము తగ్గి దేహము బిగిసి, ప్రక్కకు ఒత్తిగిల లేకపోవుట మరియొక కారణము. పలుమార్లు మూత్రమునకు లేచుట, మనోవ్యాకులత, కొన్ని మందుల వలన లేని రూపములు కనబడుట కూడ నిద్రను చెరచును.

చికిత్స

కారణమును బట్టి చికిత్స మారును. బిగువు వలన మెలకువ వచ్చుచున్నచో వైద్యుడు లెవొడోపా మందు వేళను, మోతాదును సవరించును. కలలో కొట్టుకొనువారికి మెలటోనిన్ గాని, క్లోనజెపామ్ గాని ఇచ్చుట కలదు. రెండవ మందు వలన వృద్ధులు తూలిపడవచ్చును. కావున నిద్రమాత్రలను స్వయముగా కొని వాడరాదు. కంపవాతపు మందును హఠాత్తుగా మానుట ప్రమాదకరము.

నిద్రలో తానేమి చేసినది రోగి యెరుగడు. ప్రక్కన పరుండువారు వైద్యుని కడకు వెంట వెళ్లి చూచినది చెప్పవలెను.

ఇంటివారు చేయదగినవి

మంచము ఎత్తు తక్కువగా నుండవలెను. ప్రక్కన నేలపై పరుపు వేయవలెను. గాజు సామాను, పదునైన వస్తువులు దగ్గర నుంచరాదు. మరుగుదొడ్డికి పోవు దారిలో చిన్న దీపము వెలుగుచుండవలెను. పగలు కొంతసేపు వెలుతురులో నడిపింపవలెను. సాయంకాలము కాఫీ, టీలు మాన్పింపవలెను. కొట్టుకొనుట తగ్గువరకు భార్య వేరు మంచముపై పరుండుట మేలు. ఇది అనురాగలోపము కాదు, జాగ్రత్త మాత్రమే.

సేవ చేయువారికి సైతము నిద్ర కావలెను. రాత్రి కావలిని ఇంటిల్లిపాదియు వంతుల వారీగా పంచుకొనవలెను. రోగిని నిందింపరాదు, దాచరాదు, వైద్యునికి చూపవలెను.