ఆకాశానికి ఏ చెక్క?

చెక్కలో నీలం లేదు. మీరు ఎంచుకున్న ఫొటోలో సగం ఆకాశమే. ఇప్పుడేం చేస్తారు?

మార్కెట్రీలోకి దిగిన ప్రతివాళ్లూ మొదట తడబడేది ఇక్కడే. కాగితంకన్నా కాస్త మందంగా చీల్చిన చెక్క పొరల్ని వినీర్లు అంటారు. వాటిని ఆకారాలుగా కోసి, అంచుకి అంచు అతికేలా పేర్చి బొమ్మ కట్టడమే మార్కెట్రీ. మైసూరు వెళ్లొచ్చినవాళ్ల హాల్లో ఎడ్లబండీ కొబ్బరిచెట్లూ ఉన్న చెక్క పటం చూసే ఉంటారు. దానికి దగ్గరి చుట్టమే ఇదీ. మైసూరు పాత పద్ధతిలో రోజ్‌వుడ్ పలకని తొలిచి, ఆ పల్లంలో వేరే ముక్కలు పొదుగుతారు. ఒకప్పుడు ఏనుగు దంతం పొదిగేవారు. అంబావిలాస్ ప్యాలెస్ తలుపుల మీద ఆ పని ఇవాళ్టికీ ఉంది. మార్కెట్రీలో తొలవడం ఉండదు. ఆకాశం, కొండ, మనిషి, నీడ, అన్నీ పక్కపక్కన చేరిన పొరలే.

వ్యక్తిత్వ వికాసం శీర్షికలో ఈ వడ్రంగం గోల ఏమిటంటారా? ఫొటోని చూసి చెక్కలో బొమ్మ చెయ్యడమంటే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిర్ణయాలు తీసుకుంటూ కూర్చోవడం. ఈ ముక్కా, ఆ ముక్కా? ఈ గీత ఉంచాలా, తీసెయ్యాలా? ఇప్పుడే అతికించాలా, రేపటిదాకా ఆగాలా? ఏ కోర్సులో చేరాలో, ఏ ఉద్యోగం వదలాలో తేల్చుకోలేక నెలల తరబడి నలిగేవాళ్లకి ఇంతకన్నా మంచి వ్యాయామం నాకు కనిపించలేదు.

ఆకాశం సంగతికొద్దాం. ఫోన్లో ఆ ఫొటోని నలుపు తెలుపులోకి మార్చండి. నీలం ఎగిరిపోతుంది. మిగిలేది వెలుగు, నీడ. ఆకాశం లేత బూడిద, కొండ ముదురు బూడిద, కొండ కింద చెట్లు దాదాపు నలుపు. చూసేవాళ్ల కన్ను పట్టుకునేది ఈ తేడానే. అడ్డంగా సన్నటి చారలు పోయే లేత మేపుల్ చెక్క పైన పెట్టి, కింద వాల్‌నట్ పెడితే అది ఆకాశమేనని ఎవరికీ చెప్పక్కర్లేదు. 15వ శతాబ్దపు ఇటలీ పనివాళ్లకి ఆకుపచ్చ కావాల్సొచ్చినప్పుడు, అడవిలో ఒక రకం బూజు పట్టి పచ్చబారిన చెక్కని వెతికి తెచ్చుకుని వాడారు. పాడైన చెక్క అని పారెయ్యలేదు, మహానుభావులు!

కాబట్టి లేని రంగు గురించి దిగులు పడకండి. ఉన్నవాటి మధ్య తేడా ఎంతో చూడండి. ఇంటర్వ్యూకి వెళ్లే కుర్రాడికి అనుభవం లేకపోవచ్చు. కానీ కాలేజీ ఫెస్టులో మూడు రోజులు భోజనాల లెక్క చూసుంటాడు, నాన్న కొట్లో బాకీలు వసూలు చేసుంటాడు. అవి బయోడేటాలోకి ఎక్కవు. ఎందుకు ఎక్కవు? "అనుభవం" అనే నీలం రంగు కోసం వెతుకుతూ పక్కనున్న మేపుల్‌ని చూడలేదు గనక.

ఫొటోకి ఇంకో ప్రమాదం ఉంది. అది ఏదీ వదలదు. చొక్కా మడతలు, వెనక కరెంటు తీగలు, గోడమీది పోస్టరు, అన్నింటికీ ఒకే మర్యాద. చెక్క అంత మర్యాద భరించదు. ఫొటోలోని లక్షల ఛాయల్ని అయిదుకో ఆరుకో కుదించుకోవాలి. ట్రేసింగ్ పేపరు వేసి, ఛాయ మారే చోటల్లా గీత గియ్యాలి. ఒక నియమం మాత్రం తప్పకూడదు. మొదలైన ప్రతి గీతా తిరిగి ఎక్కడో కలిసి మూసుకోవాలి. మూసుకోని గీతని కొయ్యలేం. అది ముక్క అవదు.

"ఇంగ్లీషు బాగా మాట్లాడాలి" అన్నది మూసుకోని గీత. "సంక్రాంతిలోపు మా బ్యాంకు మేనేజరుతో నా లోను గురించి తడుముకోకుండా అయిదు నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడతాను" అన్నది మూసుకున్న గీత. మొదటిదాన్ని ఏ బ్లేడూ కొయ్యలేదు. మీ డైరీలో ఈ ఏడాది రాసుకున్న సంకల్పాలు తీసి చూడండి. ఎన్ని మూసుకున్నాయి?

ముఖాల దగ్గరికి వచ్చేసరికి పరీక్ష కఠినమవుతుంది. తాతగారి బొమ్మ చెయ్యాలని సరదా పడతాం. కంట్లో తెల్లగుడ్డు తెల్లగా ఉంటుందని మనకి చిన్నప్పుడే "తెలిసిపోయింది" కదా, అందుకని దొరికిన చెక్కల్లోకెల్లా తెల్లనిది ఏరి కంట్లో పెడతాం. తాతగారు దెయ్యంలా చూస్తారు. ఫొటోని మళ్లీ గమనిస్తే, రెప్ప నీడ పడి ఆ గుడ్డు బుగ్గకన్నా ముదురుగా ఉంటుంది. పళ్లూ అంతే. ఒక్కో పన్నూ విడిగా కోశారో, నవ్వు కాస్తా కోరలైపోతుంది. పళ్లన్నీ కలిపి ఒకే లేత ముక్క పెడితే చక్కటి నవ్వు. దీనికో కిటుకుంది. ఫొటోని తలకిందులుగా తిప్పి పెట్టుకుని గీయండి. అప్పుడది తాతగారు కాదు, ఆకారాలు. మనుషుల విషయంలోనూ మనం చేసే పొరపాటు ఇదే. తోడికోడలు ఏమందో వినం. ఆవిడ ఏమంటుందో మనకి ముందే తెలుసు కాబట్టి అదే వింటాం.

ఇక కోత. ఈ పనిలో నాకు అన్నింటికన్నా నచ్చింది కిటికీ పద్ధతి. నేపథ్యంగా ఉండే వినీరు మీద బొమ్మ గీతలు దింపుకుంటారు. కొండ కావాల్సిన చోట, కొండ ఆకారంలో సర్జికల్ బ్లేడుతో కోసి ఆ ముక్కని తీసేస్తారు. ఒక ఖాళీ మిగులుతుంది. అదే కిటికీ. ఇప్పుడు కొండకి పనికొస్తాయనుకున్న చెక్కల్ని ఒక్కొక్కటే ఆ కిటికీ కిందకి జరుపుతారు. కాస్త కుడికి, కాస్త పైకి, చారలు ఏటవాలుగా వచ్చేలా తిప్పి. టేకు పెడితే ఎండ పడిన కొండ. రోజ్‌వుడ్ పెడితే పొద్దువాలాక కొండ. అదే రోజ్‌వుడ్ పొరని రెండంగుళాలు జరిపితే ఓ చార అచ్చం లోయలా దిగుతుంది. "ఇదీ!" అనిపించిన క్షణాన టేపు వేసి ఆపి, కిటికీ అంచు వెంబడి బ్లేడు మొనతో గీత పెట్టుకుని, బయటికి తీసి పూర్తిగా కోసి, అంచుకి చుక్కంత ఫెవికాల్ రాసి కూర్చోబెడతారు. కోసేటప్పుడూ ఒక్క దెబ్బకి తెగాలని బలం చూపకూడదు. తేలికపాటి గీతలు మూడు నాలుగు. చారలకి అడ్డంగా పోయే కోత ముందు, చారల వెంబడి పోయేది తర్వాత. లేకపోతే మొన దగ్గర పెచ్చు లేచిపోతుంది.

ఇందులో గమనించాల్సింది, ఖాళీని ముందు కొయ్యడం. మనం దీన్ని తిరగేసి చేస్తాం. ముందు నచ్చిన ముక్క కొనేసుకుని, తర్వాత దానికో చోటు వెతుకుతాం. అందరూ చేస్తున్నారని కోర్సులో చేరి, తర్వాత అదెందుకో ఆలోచిస్తాం. ముందు మీ జీవితంలో ఖాళీ ఏ ఆకారంలో ఉందో కొలవండి. సాయంత్రం రెండు గంటలా, ఆదివారాలా, నెలకి నాలుగు వేలా? ఆ కిటికీ కిందకి అవకాశాల్ని జరిపి చూడండి. చూడటానికి ఖర్చు లేదు. వారం రోజులు ఆ ఆఫీసుకి బస్సులో వెళ్లి రండి. ఆ పని చేస్తున్న మనిషితో ఓ పూట గడపండి. కిటికీ కింద ఎన్ని ముక్కలు జరిపినా చెక్క పాడవదు.

అలాగని అన్నిచోట్లా ఇలా తీరుబడిగా సవరించుకోవచ్చనుకునేరు! కొన్ని చోట్ల వెనక్కి రావడం ఉండదు. ముక్కలో నీడ తేవాలంటే రంగు పూయరు. మూకుట్లో సన్నటి ఇసుక పోసి పొయ్యి మీద పెట్టి, బఠాణీలు వేయించేవాళ్ల ఇసుకలా కాలాక, పట్టకారుతో ముక్క అంచుని అందులో గుచ్చుతారు. ఇసుక అడుగున వేడి ఎక్కువ, పైన తక్కువ. అందుకే అంచు ముదురుగా మాడి, పైకి వచ్చేకొద్దీ లేతగా మారుతుంది. గుండ్రటి బుగ్గలు, కుండ పొట్టలు, పూరేకుల ఒంపులు ఇలా వచ్చినవే. కొన్ని సెకన్ల వ్యవహారం. ఎక్కువైతే బొగ్గు. కాబట్టి అసలు ముక్క ముంచేముందు అదే చెక్క తుంపు ముంచి చూస్తారు.

చివర్న నున్న చెయ్యడం దగ్గరైతే మరీ జాగ్రత్త. యూరప్‌లో మామూలుగా వాడే వినీరు మందం సుమారు 0.6 మిల్లీమీటర్లు. గరుకు కాగితంతో ఒకే చోట కాసేపు ఎక్కువ రుద్దితే పొర అరిగి కింద బోర్డు బయటపడుతుంది. దానికి మందు లేదు. పైగా నల్లటి చెక్క పొడి పక్కనున్న తెల్ల మేపుల్ రంధ్రాల్లోకి దూరి మాసినట్టు చేస్తుంది. అందుకే అక్కడ కొందరు గరుకు కాగితం పక్కనపెట్టి, స్క్రేపరుతో గీకుతారు.

ఈ పనిలో ఆరితేరినవాళ్లకి ఉండే తెలివి అదే. కిటికీ దగ్గర ఎంతసేపైనా ఆడతారు, ఇసుక దగ్గర, గరుకు కాగితం దగ్గర ఊపిరి బిగబడతారు. మనం ఉల్టా. ఏ చీర కట్టాలో గంట ఆలోచిస్తాం, ఎవరి అప్పుకో హామీ సంతకం నిమిషంలో పెట్టేస్తాం. ఈ రాత్రి ఓ కాగితం తీసుకుని, మీ ముందున్న నిర్ణయాల్లో ఏవి కిటికీవో, ఏవి ఇసుకవో విడదీసి రాయండి. కిటికీ నిర్ణయాలు రేపే మొదలెట్టండి. ఇసుక నిర్ణయాలకి ముందు ఓ తుంపు ముంచి చూడండి.

బొమ్మ వెనక సంగతి కూడా చెప్పాలి. బోర్డుకి ఒకవైపే వినీరు అతికిస్తే అది కొంతకాలానికి వంగిపోతుంది. అందుకే గోడకి ఆనే వెనక వైపు కూడా, ఎవరూ చూడరని తెలిసినా, ఓ పొర వేస్తారు. ముందువైపు మెరిసే ఉద్యోగానికి నిద్ర, వ్యాయామం, ఇంట్లోవాళ్లతో మాటలు ఈ వెనక పొర. ఇంతకన్నా విప్పి చెప్పక్కర్లేదు.

ఫ్రాన్సులోని అల్సాస్ ప్రాంతంలో బోయెర్ష్ దగ్గర సెయింట్ లియొనార్ అనే చోట షార్ల్ స్పిండ్లర్ అనే చిత్రకారుడు ఉండేవాడు. 1865లో పుట్టాడు, 1938లో పోయాడు. చేతిలో కుంచె ఉన్నవాడు, ఏ రంగైనా వెయ్యగలవాడు, చెక్కల సహజమైన రంగులకి కట్టుబడి తన ఊళ్లు, అడవులు, మనుషుల్ని మార్కెట్రీలో చేశాడు. రంగుల స్వేచ్ఛని వదులుకున్న ఆ బొమ్మలే ఆయనకి పేరు తెచ్చాయి. కొడుకు, మనవడు కూడా అదే కార్ఖానాలో అదే పని పట్టారు. ఎంపికలు తగ్గితే ప్రతిభ తగ్గిపోతుందని బెంగపడేవాళ్లు ఆయన అడవుల బొమ్మల్ని ఒకసారి చూడాలి. అమెరికాలో ఉన్న మనవాళ్లకైతే ఇంకోటి దగ్గర్లోనే ఉంది. ఇటలీలోని గుబ్బియో నుంచి తెచ్చిన ఒక చిన్న చదువుల గది న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. 1478-82 ప్రాంతంలో ఫెదెరికో ద మొంతెఫెల్త్రో అనే ప్రభువు కోసం చేసినది. సగం తెరిచిన అల్మారాలు, పుస్తకాలు, వాయిద్యాలు కనిపిస్తాయి. దగ్గరికెళ్తే అవన్నీ చదునైన గోడ మీద చెక్క ముక్కలు! పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు ఆ గది ముందు ఇంకాస్త సేపు నిలబడండి.

ఒక హెచ్చరిక. చెక్క రంగు స్థిరం కాదు. కోసిన రోజున నారింజ ఎరుపులో మెరిసే పడౌక్, వెలుతురు తగిలి కొన్నేళ్లకి గోధుమ రంగుకి దిగుతుంది. చెర్రీ ముదురుతుంది, వాల్‌నట్ లేతబారుతుంది. 1760లో జాన్ ఫ్రాన్స్వా ఓబెన్ మొదలెట్టి, ఆయన పోయాక జాన్ హెన్రీ రీస్నర్ 1769లో పూర్తి చేసిన ఫ్రెంచి రాజుగారి మార్కెట్రీ రాతబల్ల వెర్సాయ్‌లో ఉంది. ఆ కాలపు మార్కెట్రీలో అద్దకపు రంగులెన్నో ఇప్పుడు వెలిసిపోయాయి. మీ బొమ్మని ఎండ నేరుగా పడే గోడకి తగిలించకండి, అంతే.

మరి మొదలెట్టేదెలా? మన ప్లైవుడ్ షాపుల్లో "వినీరు" అని అడిగితే ఎక్కువగా ప్లై మీద ముందే అతికించిన షీటు చూపిస్తారు. అది ఈ పనికి రాదు. అతికించని పచ్చి పొరలు కావాలని అడగండి. ఫర్నిచర్ చేసేచోట కోయగా మిగిలిన తుంపులున్నా చాలు. సర్జికల్ బ్లేడు, టేపు, ఫెవికాల్, చదునైన ప్లై ముక్క, వెనక్కి వెయ్యడానికి ఓ పొర సిద్ధం చేసుకోండి. తడిగుడ్డతో వినీరుని ఒకసారి తుడిచి చూస్తే, పాలిష్ పడ్డాక దాని రంగు ఎలా ఉంటుందో అంచనా దొరుకుతుంది.

మొదటి బొమ్మకి ముఖాలు వద్దు. మీ ఊరి చెరువు, గట్టు, వెనక గుట్ట, పైన ఆకాశం చాలు. డజను ముక్కలు దాటనివ్వకండి. ఈ ఆదివారమే ఫోన్లోంచి ఒక్క ఫొటో ఎంచుకుని, నలుపు తెలుపులోకి మార్చి, అరచేయంత సైజులో ప్రింటు తీయించుకోండి. బ్లేడు కొత్తది వాడండి.