కాకి కదలదు, మేనేజరు ఊరుకోడు

సమస్య

అమ్మా,

మాది సూర్యాపేట. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నాలుగేళ్ల కిందట కోనసీమ అమ్మాయిని చేసుకున్నాను. అత్తగారి ఊరు అంబాజీపేటకు దగ్గర. మా వైపు పెద్ద పండుగంటే దసరానే కాబట్టి సంక్రాంతికి అటు వెళ్లడానికి మా ఇంట్లో ఏ పేచీ లేదు. పేచీ అంతా అక్కడికి వెళ్లాకే.

భోగి నాడు తెల్లవారుజామున నాలుగింటికి లేపి, తలంటి మంట ముందు నిలబెడతారు. సరే. మూడో రోజు కనుమ. ఆ మర్నాడు పొద్దున తొమ్మిదికి నాకు మీటింగ్. మధ్యాహ్నం బయల్దేరితే రాత్రికి ఇల్లు చేరతాం. కానీ నేను డిక్కీ తెరిచానో లేదో మా అత్తగారు వీధి గుమ్మంలోకి వచ్చి, "కనుమ నాడు కాకైనా కదలదు, అల్లుడుగారూ!" అంటారు. ఆ మాట వినగానే మా మామగారు పేపరు మడిచి లోపలికి వెళ్లిపోతారు. అంటే కేసు కొట్టేసినట్టు. నిరుడు మా మేనేజరుకు ఫోన్ చేసి కాకి సంగతి వివరించాను. ఆయనది చండీగఢ్. "ఏ కాకి?" అని అడిగాడు.

ఇదైనా ఓర్చుకుందును. అదే కనుమ నాడు, అదే కారులో, జగ్గన్నతోట ప్రభల తీర్థానికి నా చేత మూడు ట్రిప్పులు వేయించారు. ఇదేమిటంటే, "అది ప్రయాణం కాదు బావగారూ, తీర్థం" అన్నాడు మా బావమరిది.

ఇక అంతర్వేది. భోగికి ముందు రోజు అందరం సరదాగా వెళ్దామన్నారు. పొద్దున ఆరింటికి బయల్దేరాలని తీర్మానం. ఆరింటికి పులిహోరకు చింతపండు నానబెట్టారు. పదకొండుంపావుకు ఎనిమిది మందిమి ఐదుగురి కారులో సర్దుకున్నాం. "దారిలోనే కదా" అని చిన్నత్తగారిని ఎక్కించుకోవడానికి అంతర్వేదికి సరిగ్గా ఎదురు దిక్కులో నాలుగు కిలోమీటర్లు పోయాం. ఆవిడ ఎక్కాక మా అత్తగారికి గ్యాస్ కట్టేశానా లేదా అని అనుమానం వచ్చింది. వెనక్కి తిరిగాం. కట్టేసే ఉంది. బావమరిది పులిహోర బేసిను ఒళ్లో పెట్టుకుని నిద్రపోయాడు. రాజోలు దగ్గర బ్రేకు వేస్తే నూనె సీటు మీదికి జారింది. ఆ పసుపు మరక ఇప్పటికీ ఉంది, గోదావరి మధ్య లంక ఆకారంలో. అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర నది సముద్రంలో కలవడం చూసింది పావుగంట. తిన్నది గంటన్నర.

మొదటి సంక్రాంతికి నా విస్తరి చుట్టూ ఉన్న వంటకాలు వందకు పైనా కిందా అన్న లెక్క ఇప్పటికీ తేలలేదు. ఫొటో తీయడానికి మరదలు స్టూలు ఎక్కాల్సి వచ్చింది. ఇప్పుడేమో నేను చెయ్యి కడుక్కునేలోపే "తాళాలు మీ దగ్గరే ఉన్నాయిగా?" అని అడుగుతున్నారు. మా ఆవిడకు చెబితే నవ్వుతుంది. వచ్చే పండుగకు వెళ్లాలా, ఆఫీసు పని ఉందని చెప్పి తప్పించుకోవాలా?

— కాకి కన్నా లోకువైన అల్లుడు, హైదరాబాద్

సలహా

బాబూ,

ముందు కాకి సంగతి తేల్చేద్దాం. కనుమ పశువుల పండుగ. ఏడాది పొడుగునా కాడి మోసిన ఎద్దుకు ఆ ఒక్కరోజు సెలవు. కడిగి, కొమ్ములకు రంగు పూసి, మెడలో గంటలు కట్టి, కడుపునిండా మేత వేసి వదిలేస్తారు. ఎద్దుకు సెలవైతే బండి కదలదు. బండి కదలకపోతే ఆ రోజుల్లో అల్లుడూ కదిలేవాడు కాదు. ఆ నియమం ఇలాగే పుట్టిందని మా పెద్దవాళ్లు చెప్పేవారు, నాకూ సబబుగానే తోస్తుంది. మీ కారుకు కొమ్ముల్లేవు కాబట్టి ఇది మీకు వర్తించదని మీరు వాదించవచ్చు. వాదించకండి. దసరా నాడు పాలపిట్ట కనబడాలని మీ సూర్యాపేటలో చేలగట్ల వెంట తల పైకెత్తి తిరిగే ఉంటారుగా? పాలపిట్ట కోసం మెడ నొప్పి తెచ్చుకున్న మనిషి కాకి మాట తీసెయ్యడం ఏం న్యాయం?

జగ్గన్నతోట విషయంలో మాత్రం మీరు గట్టి పాయింటే పట్టారు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రులు, అంటే పదకొండు మంది శివుళ్లు, సరిగ్గా ఆ కనుమ నాడే ప్రభలెక్కి, మనుషుల భుజాల మీద బయల్దేరి తోటకు చేరతారు. గంగలకుర్రు నుంచి వచ్చే ప్రభల్ని కౌశిక కాలువలోకి దింపి, నీళ్లలో నడిపించి అవతలి గట్టెక్కిస్తారు. పచ్చటి చేలో అడ్డంపడి పోయినా రైతు కిక్కురుమనడు, పైపెచ్చు తన చేను తొక్కినందుకు సంతోషిస్తాడు. 2023 గణతంత్ర దినోత్సవానికి ఈ ప్రభల తీర్థమే ఆంధ్రప్రదేశ్ శకటమై ఢిల్లీ కర్తవ్యపథ్ మీద ఊరేగింది. కాకి కదలని రోజున పదకొండు మంది రుద్రులు ఎలా కదిలారని మీ అత్తగారిని అడిగి చూడండి. ఆవిడ ఏమంటారో నేనే చెప్తాను: "వాళ్లు తీర్థమయ్యాక ఎవరి ఊరికి వాళ్లు తిరిగొచ్చేస్తారు, అల్లుడుగారూ. మీరొస్తారా?" అప్పుడు మీరు డిక్కీ మూసెయ్యడమే.

అడ్డదారి ఒకటుంది. మంచి ఘడియలో ఓ సంచి తీసుకెళ్లి పక్కింట్లో పెట్టి వస్తే ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క. పరస్థానం అనేవారు దాన్ని. సంక్రాంతి నాడే మీ లాప్‌టాప్ సంచి పక్కింట్లో పెట్టేసి, కనుమ నాడు దర్జాగా వెళ్లిపోవచ్చు. కానీ నేను సిఫార్సు చేయను. మా చిన్నాన్న ఒకసారి ఇలాగే చేసి, సంచి తెచ్చుకుందామని వెళితే పక్కింటివాళ్లు పీట వేశారు. కనుమ నాడు మినుము తినకుండా పంపకూడదని గారెలు పెట్టారు. గారెలయ్యాక, కోడికూర ఇంకా ఉడుకుతోంది, కాసేపు కూర్చోమన్నారు. రైలు ఆయన లేకుండానే వెళ్లిపోయింది.

ఇంకో సంగతి. మీ ఉత్తరంలో అత్తగారు మాట్లాడారు, బావమరిది మాట్లాడాడు, చండీగఢ్ మేనేజరు కూడా మాట్లాడాడు. మీ ఆవిడ మాత్రం నవ్వి ఊరుకుంది. ఆ డిక్కీ తెరిచిన చప్పుడు ఆ ఇంట్లో ఇద్దరికి వినబడుతుంది బాబూ. ఒకరు గుమ్మంలోకి వస్తారు, ఒకరు వంటింట్లోంచి బయటికే రారు. ఆఫీసు పని వంక పెట్టాలనుకునే ముందు, పుట్టింట్లో ఆవిడ ఏడాదికి ఎన్ని రాత్రులు పడుకుంటోందో వేళ్ల మీద లెక్కపెట్టండి. రెండో చెయ్యి అవసరం పడకపోతే ఆ వంక మర్చిపోండి.

విస్తరి గురించి బాధపడకండి. కొత్తల్లుడికి వంద రకాలు పెట్టేది సగం ఆయన కోసం, సగం ఊరి కోసం. ఆ వందలో మీరు నిజంగా తిన్నవి పదిహేను దాటి ఉండవు. నాలుగో ఏడు తాళాలు అడుగుతున్నారంటే అల్లుడి హోదా పోయి కొడుకు చాకిరీ వచ్చిందన్నమాట. దీని మీద అప్పీలు లేదు.

అయితే చాకిరీ తగ్గించుకునే మార్గం ఉంది. కారు హైదరాబాద్‌లోనే వదిలేసి వెళ్లండి! పండుగ ముందు పంతంగి టోల్ దగ్గర ఎటూ సగం హైదరాబాద్ నిలబడే ఉంటుంది, మీరొక్కరు లేకపోతే ఎవరూ అడగరు. కారు లేదు కాబట్టి తీర్థానికి ట్రిప్పులు ఉండవు, చిన్నత్తగారి కోసం ఎదురు దిక్కుకు పోనక్కర్లేదు, పులిహోర నూనె ఎవరి ఒళ్లోకి కారినా మీకు పట్టదు. అంతర్వేదికి వాళ్లే టెంపో మాట్లాడుకుంటారు. ఆ డ్రైవరు ఏడింటికల్లా వీధిలో హారన్ కొడతాడు. అల్లుడు బతిమాలితే కదలనివాళ్లు వెయిటింగ్ చార్జీ అనేసరికి చెప్పులు వేసుకుంటారు.

కనుమ మర్నాటికి ఒక్క రోజు సెలవు ఇప్పుడే పెట్టేయండి. కారణం దగ్గర కుటుంబ కార్యక్రమం అని రాయండి చాలు, కాకిని ఇరికించకండి.

అమలాపురానికి ఇంకా రైలు రాలేదు, మీరు రాజమండ్రిలో ఎక్కాలి. ఇదివరకు 120 రోజుల ముందే రిజర్వేషన్ ఇచ్చేవారు, 2024 నవంబరు నుంచి 60 రోజులకు కుదించారు. కనుమ జనవరి 16న వస్తే, 17 రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్‌కు టికెట్లు నవంబరు 18 ఉదయం 8 గంటలకు ఇస్తారు. మీరు కాఫీ తాగి ఎనిమిదీ అయిదుకు చూస్తే వెయిటింగ్ లిస్టే మిగులుతుంది.