గూగుల్‌లో మన హాస్టల్ పైకి రావాలంటే

హాస్టల్‌కు వెబ్‌సైట్ పెడదామని తమ్ముళ్లు ఉత్సాహపడుతున్నారు. పెట్టడం తేలికే, వెతికేవారికి కనిపించేలా చేయడమే అసలు పని. మాకు తెలిసినంతలో చెబుతాం.

ముందు ఊరి పేరు. భీమునిపట్నం అని రాస్తాం, భీమిలి అని పిలుస్తాం, బ్రిటిష్ వారి కాగితాల్లో బిమ్లిపటం. ఎవరు ఏది కొట్టి వెతుకుతారో తెలియదు. అందుకని పేజీ శీర్షికలో ‘సాంఘిక సంక్షేమ వసతి గృహం, భీమునిపట్నం (భీమిలి)’ అని పెట్టి, లోపల ఇంగ్లీషులోనూ ఒకసారి రాయండి. ఉత్త ‘స్వాగతం’ అని శీర్షిక పెడితే ఎవరికి దొరుకుతుంది? అలాగని ఊరి పేరును ఇరవైసార్లు కుక్కితే గూగుల్ దాన్ని మోసంగానే లెక్కగడుతుంది.

ప్రెస్సువాళ్ల అను ఫాంట్లలో కొట్టిన తెలుగు గూగుల్‌కు తెలుగు కాదు, అర్థంలేని గుర్తులు. ఆ వ్యాసాలను యూనికోడ్‌లోకి మార్చాకే పెట్టాలి. పేజీ ఫోన్‌లో త్వరగా తెరుచుకోవాలి కూడా.

1998లో స్టాన్‌ఫర్డ్‌లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ వివరించిన పద్ధతికి మూలం లింకులే. పదిమంది పెద్దమనుషులు మంచివాడంటే ఊరు నమ్మినట్టు, మంచి సైట్లు లింకు ఇచ్చిన పేజీకి విలువ పెరుగుతుంది. పూర్వ విద్యార్థులు తమ సైట్ల నుంచి మన పేజీకి లింకు ఇవ్వాలి. డబ్బిచ్చి మాత్రం కొనవద్దు.

ఇవన్నీ ఉన్నా, లోపల సరుకు లేకపోతే వచ్చినవారు వెంటనే వెళ్లిపోతారు. ఏ తరగతులకు సీట్లున్నాయి, కుల, ఆదాయ ధ్రువపత్రాలు ఎక్కడ తీసుకోవాలి? చదువుకున్నవారు లేని ఇళ్ల నుంచి వచ్చిన మేము ఇవి తెలుసుకోవడానికి ఎన్ని గడపలు తొక్కామో! వార్షికోత్సవం ఫొటోల కంటే ముందు ఆ పేజీ టైపు చేయండి.